నూనెలో వేసిన పిస్టన్

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీదున్న మిస్త్రీల వరసలో రఫీక్ దుకాణానికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. గాలివానకు ఊడిపడితే మళ్ళీ పెట్టించలేదు, పెట్టించాల్సిన అవసరమూ రాలేదు. భీమ్‌గల్ ట్రాక్టరైనా సిరికొండ లారీ అయినా, ఇంజన్ బోరు కొట్టించాలంటే ఆటోవాళ్ళే దారి అడక్కుండా తెచ్చి ఆయన గుమ్మంలో దించిపోతారు. ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టమే బోరు. అరిగిన బోరును మళ్ళీ గుండ్రంగా, నునుపుగా కోయడం రఫీక్ పని. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే చేస్తున్నాడు, జిల్లాలో ఆయనలా చేసేవాడు ఇంకొకడు లేడు. ఈ మాట అన్నది ఎదురు దుకాణం సాయన్న. అతనూ బోర్లు కొట్టేవాడే కాబట్టి నమ్మొచ్చు.

ఆ వరసలో ఒక ఆనవాయితీ ఉంది. రఫీక్ దగ్గర బాగైన ఇంజన్‌ను పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్ట్ చేస్తారు. చుట్టుపక్కల మిస్త్రీలు చాయ్ గ్లాసులతో వచ్చి నిలబడతారు. సాయన్న ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాడు. లోపల పిస్టన్ బోరు గోడకు తగిలి టకటకలాడుతుంటే ఆ పిడిలోంచి వినిపిస్తుంది. ఏమీ వినిపించకపోతే సాయన్న తల ఊపుతాడు. అప్పుడు రఫీక్ చిన్న సుత్తి తీసుకుని ఇంజన్ బ్లాక్ అంచు మీద తన నిషాన్ కొడతాడు. తన పేరులో మొదటి ఉర్దూ అక్షరం ‘రే’, గోరంత ఉంటుంది, గీతల్లో పెయింటు పూస్తాడు. ఆ నిషాన్ లేకుండా ఆ దుకాణం గడప దాటిన ఇంజన్ ఇప్పటిదాకా లేదు.

అఖిలకు ఈ ఆనవాయితీ సంగతి తెలుసు. తెలిసే తన ఇంజన్‌ను ఇక్కడికి తెచ్చింది. తెలిసే ఒక విషయం దాచిపెట్టింది.

అఖిలది మోస్రా. బోధన్‌లో పసుపు పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో ఉద్యోగం. నిజామాబాద్‌లో ఉంటూ రోజూ కారులో పోయి వస్తుంది. అదే కారును ఏడాదికి మూడుసార్లు చెన్నై దాకా తోలుకుపోయి అక్కడి రేస్ ట్రాక్ మీద పరుగెత్తిస్తుంది. పాత సెడానే కానీ దానికి టర్బో పెట్టించింది. టర్బో ఇంజన్‌కు గాలిని బలవంతంగా తాగిస్తుంది, తాగిన కొద్దీ ఇంజన్‌కు బలం పెరుగుతుంది. పోయిన ఏడు ఆ బలానికి కంపెనీ కనెక్టింగ్ రాడ్ ఆగలేక విరిగి, బ్లాక్ గోడను పొడుచుకుని బయటికి వచ్చింది. నాలుగు నెలలు తిరిగితే వేరే బ్లాక్ ఒకటి దొరికింది. అదీ ఇప్పటికే రెండుసార్లు బోరు కొట్టినది. ఇంకొక్కసారి కోయొచ్చు, ఆ తర్వాత పాత ఇనుముకే.

“రఫీక్ దగ్గరికి తీస్కపో బిడ్డా,” అన్నాడు ఆమె తండ్రి నర్సన్న. “మన ట్రాక్టర్‌కు పద్నాలుగేండ్ల కింద ఆయన కొట్టిన బోరే. ఇయ్యాల్టికి కుయ్ అనలే, కయ్ అనలే.”

అట్లా వచ్చిన మొదటి రోజే రఫీక్ ఆమె విరిగిన రాడ్‌ను చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, విరిగిన చోటును ఎండకు పెట్టి, వేలి కొసతో తడిమాడు. పిస్టన్‌ను కింద తిరిగే ఇరుసుకు కలిపే చెయ్యి ఈ రాడ్. ఇంజన్ బలమంతా దీని మీదుగానే దిగుతుంది.

“ఇది ముందుగాల వంగింది, తర్వాత ఇరిగింది,” అన్నాడు. “వంగినంక గూడ నువ్వు నడిపినవు. ఒక్క దినం కాదు.”

విరగడానికి వారం ముందు నుంచీ ఇంజన్ అదోలా వణికేది నిజమే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. రెండు ముక్కల ఇనుము ఈ మనిషికి చెప్పింది. ఆమెకు భయమూ వేసింది, ముచ్చటా వేసింది.

కొత్త రాడ్‌ల కోసం ఆమె ఫోన్‌లో ఒక బొమ్మ దాచుకుంది. అల్యూమినియం రాడ్‌లు, అద్దంలా మెరుస్తూ, ఉక్కువాటికంటే బాగా తేలిక. రఫీక్ బొమ్మను చూశాడు, బాగున్నాయని ఒప్పుకున్నాడు.

“దినాం ఎంత నడుపుతవు?”

“పోను రాను యాభై అయిదు కిలోమీటర్లు చాచా.”

“ట్రాక్ మీద?”

“ఏడాదికి మూడు రోజులు.”

“అల్యూమినియం అలిసిపోతది బిడ్డా. ఉరికినప్పుడు మంచిగ ఉరుకుతది, గని ఎన్నిసార్ల సాగిందో లెక్కవెట్టుకుంటది. మూడు దినాలకైతె తెచ్చుకో. మిగిలిన మూడొందల దినాలు బోధన్ ఎవరు పోతరు?”

అలా ఎర్రగా కాల్చి దంచి చేసిన ఉక్కు రాడ్‌లు వచ్చాయి కోయంబత్తూరు డీలర్ దగ్గర్నుంచి, నాలుగు, నూనె కాగితాల్లో చుట్టి. నాలుగూ ఒకే బరువని పెట్టె మీద రాసి ఉంది. రఫీక్ వాటిని విప్పకుండానే లోపలికి కేకేశాడు. దుకాణం వెనకే ఇల్లు. ఆయన భార్య ఖైరున్నిసా చేతులు తుడుచుకుంటూ వచ్చి, పాత కంసాలి తక్కెడ లాంటి చిన్న కాటా ముందు కూర్చుంది.

అప్పుడు చూసింది అఖిల అసలు పని. ఖైరున్నిసా రాడ్ చిన్న చివరను దారంతో కొక్కేనికి వేలాడదీసి, పెద్ద చివరను కాటా మీద ఆనించి, రసమట్టం పెట్టి సరిచూసి, ఊపిరి బిగబట్టి అంకె చదివింది. తర్వాత రాడ్‌ను తిప్పి రెండో చివర. నాలుగింటికీ ఎనిమిదిసార్లు. ఆమె కట్టె పెన్సిల్‌తో ఉర్దూలో రాసుకుంటుంటే ఫ్యాను కూడా ఆపేశారు, గాలికి కాటా కదులుతుందని.

“బరువు ఒక్కటే గని మూడో దానికి తల బరువెక్కువ, కాలు బరువు తక్కువ,” అంది చివరికి. “కంపెనోళ్లు మొత్తం జోకిండ్రు, మనిషిని జోకినట్టు. ఇది పైకి కిందికి ఎగిరే సామాను. ఏ చివర ఎంతున్నదో సూడొద్దా?”

సన్నటి ఆకురాయితో ఒక చివర కొద్దికొద్దిగా గీకి, మళ్ళీ జోకి, మళ్ళీ గీకి, సాయంత్రానికి నాలుగింటినీ అర గ్రాము తేడాలోకి తెచ్చింది. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళి పప్పు కలిపి వచ్చింది. అఖిల ల్యాబ్‌లో పసుపును మిల్లీగ్రాముల్లో తూచే మనిషి. అయినా ఆ రోజు ఇంటికి పోతూ, తనకు తూచడం రాదనే అనుకుంది.

ఇక పిస్టన్లు. దాచిపెట్టిన విషయం ఇక్కడే ఉంది.

డీలర్ రెండు రకాలు చూపించాడు. రెండూ పోత పోసినవి కావు, దంచి చేసినవే. ఒక రకంలో సిలికాన్ ఎక్కువ. అది వేడికి తక్కువ పెరుగుతుంది, బోరులో బిగుతుగా కూర్చుంటుంది, చప్పుడు చేయదు. కానీ గట్టి దెబ్బ తగిలితే పెళుసుగా పగులుతుంది. రెండో రకం మొండిది, టర్బో ఎంత బాదినా ఓర్చుకుంటుంది. దానికి వేడెక్కితే బాగా ఉబ్బే గుణం ఉంది కనుక, చల్లగా ఉన్నప్పుడు బోరులో వదులుగా ఉంచాలి. వదులుగా ఉంటే స్టార్ట్ చేసిన కొత్తలో టకటకలాడుతుంది. ట్రాక్ మీద తన కారు ఎంత వేడెక్కుతుందో తెలిసిన అఖిల మొండిదాన్నే ఎంచుకుంది. టకటక సంగతి మాత్రం రఫీక్‌కు చెప్పలేదు. చెబితే ఆయన పని పట్టనే పట్టడని ఆమె భయం. పిస్టన్ పెట్టెలోని కాగితం చేతికిచ్చి ఊరుకుంది. పిస్టన్‌కూ బోరు గోడకూ మధ్య గ్యాప్ ఎంతుండాలో అందులో రాసే ఉందిగదా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

వారం తర్వాత శుక్రవారం మధ్యాహ్నం దుకాణానికి వచ్చేసరికి బోర్లు తయారుగా ఉన్నాయి. నాలుగూ లోపల వెండి గ్లాసుల్లా మెరుస్తున్నాయి. రఫీక్ నమాజు చేసి వచ్చి, ఆమెకు చూపించడానికే అన్నట్టు ఒక పిస్టన్‌కు నూనె రాసి, రింగులు లేకుండా బోరు నోట్లో పెట్టి వదిలేశాడు. పిస్టన్ పడిపోలేదు. తన బరువుకు తానే, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా తొందరపడకుండా కిందికి దిగింది. కింద అరచెయ్యి పెట్టి రఫీక్ దాన్ని అందుకున్నాడు.

అంత అందమైన పని అఖిల తన జన్మలో చూడలేదు. అది తప్పు పని అని కూడా ఆమెకు ఆ క్షణమే తెలిసింది. వదులుగా ఉండాల్సిన పిస్టన్ అలా దిగదు.

“ఎంత గ్యాప్ పెట్టిండ్రు చాచా?”

“నాలుగు.”

మిల్లీమీటర్‌ను వంద భాగాలు చేస్తే అందులో నాలుగు. కాగితంలో ఉన్నది తొమ్మిది.

“కాగితంల తొమ్మిది అని రాసిండ్రు గద చాచా.”

రఫీక్ నవ్వాడు. “కాగితం రాసినోడు నా చెయ్యి సూసిండా? బోరు వంకర కొట్టేటోడు గూడ ఉంటడు దునియాల. గసొంటోని చేతుల గూడ పిస్టన్ పట్టుకోవద్దని తొమ్మిది రాస్తడు. తొమ్మిది అంటె బేకార్ మిస్త్రీల కోసం బిడ్డా. బోరు సీదా ఉంటె నాలుగు సాలు.”

ఆయన మాటలో గర్వమే తప్ప గొప్పలు లేవు. వేల ఇంజన్లకు నాలుగే పెట్టాడు, వేల ఇంజన్లు నిశ్శబ్దంగా తిరిగాయి. వదులును ఆయన చేతగానితనం లెక్కలోనే వేస్తాడు. అది ఈ లోహం గుణమని ఆయనకు తోచే దారే లేదు, ఎందుకంటే ఇలాంటి పిస్టన్ ఆ దుకాణంలోకి ఇదే మొదటిసారి రావడం. అఖిల ఇంటికి పోయి రాత్రంతా తనను తాను తిట్టుకుని, మర్నాడు ల్యాబ్ నుంచి గాజు థర్మామీటర్ ఒకటి సంచిలో వేసుకుని తిరిగి వచ్చింది.

“చాచా, నా మాట వద్దు, కాగితం మాట వద్దు. మీ మైక్రోమీటర్ ఏం చెప్తదో అదే వింట. పాత పోత పిస్టన్ ఒకటి, కొత్తది ఒకటి, రెంటిని సమానంగ వేడిచేసి కొలుద్దాం.”

“దేంట్ల వేడిచేస్తవు? పొయ్యి మీద పెడితె ఒక పక్కకే కాలుతది.”

గుమ్మంలోంచి అంతా వింటున్న ఖైరున్నిసా విసుక్కుంది. “నిన్నటిసంది గిదే పంచాయితి. లోపల నూనె కాగుతున్నది, దాంట్ల ఎయ్యుండ్రి. సమోసాలు రేపు జేస్త. గని కొత్త నూనె ప్యాకెట్ ఎవరు తెస్తరో ముందుగాల చెప్పుండ్రి.”

అఖిల తెస్తానంది. ముగ్గురూ వంటింట్లోకి పోయారు. రఫీక్ రెండు పిస్టన్లనూ చల్లగా ఉన్నప్పుడే కొలిచి అంకెలు గోడ మీద సున్నంలో మేకుతో గీశాడు. వాటి కన్నాల్లోంచి తీగ దూర్చి మూకుట్లో వేలాడదీశారు. థర్మామీటర్ నూట ఎనభై చూపించాక, పావుగంట అక్కడే ఉంచారు. సమోసాల కోసం చేసిన ముద్దను ఖైరున్నిసా తడిగుడ్డ కింద కప్పి, మూకుడు వంక అనుమానంగా చూస్తూ నిలబడింది.

మొదట పాతదాన్ని తీశారు. గుడ్డతో పట్టుకుని రఫీక్ మైక్రోమీటర్ బిగించాడు. అరవై దాటిన ఆ వేళ్ళకు వేడీ లేదు, తొందరా లేదు, వణుకూ లేదు. మిల్లీమీటర్‌లో వందో భాగాల లెక్కన ఇరవై పెరిగింది. మళ్ళీ నూనెలో ముంచి, మళ్ళీ కొలిచాడు. ఇరవయ్యే. తర్వాత కొత్తది. ఇరవై అయిదు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. ఇరవై అయిదు. మూడోసారి మైక్రోమీటర్‌ను ఖైరున్నిసా చేతికిచ్చాడు. ఆమె చదివిన అంకెను కూడా ఆయన మిగతావాటి పక్కనే గోడ మీద గీశాడు. ఇరవై అయిదు.

“అయిదు ఎక్కువ పెరుగుతున్నది,” అన్నాడు రఫీక్, ఎవరితోనో కాదు, పిస్టన్‌తోనే. “వేడికి బోరు గూడ పెరుగుతది గన్క పాతదానికి నాలుగు సాలుతుండె. దీనికి గూడ నేనిచ్చింది నాలుగే. ఆ నాలుగుల గీ ఎక్కువ అయిదు ఎక్కడ పడుతది?”

పట్టదు. ట్రాక్ మీద రెండో చుట్టులోనే పిస్టన్ బోరును కరుచుకునేది. ఆ చివరి బోరు, ఆ చివరి బ్లాక్, అక్కడితో సరి. అఖిలకు ఊరట కలగాలి. కానీ ఆయన ముఖం చూసేసరికి కలగలేదు. ఇప్పుడు కూడా చెప్పకపోతే తాను మనిషినే కాదనిపించింది.

“చాచా, ఇంకొకటి ఉన్నది. తొమ్మిది పెడితె చల్లగున్నప్పుడు టకటక అంటది. నాకు ముందే తెలుసు. మీరు పని పట్టరేమోనని చెప్పలే. తప్పు నాదే.”

రఫీక్ పొయ్యి ఆర్పాడు. నూనెలో బుడగలు అణిగాయి.

“ఎంతసేపు అంటది?”

“వేడెక్కేదాక. అయిదారు నిమిషాలు.”

“ఆ అయిదారు నిమిషాలే సాయన్న సెవుల స్క్రూడ్రైవర్ ఉంటది బిడ్డా.” ఆయన నవ్వలేదు. “బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపుల పని నేర్సుకున్న నేను. సప్పుడు జేసే ఇంజన్ మీద పేరు కొట్టుకోవద్దని మా ఉస్తాద్ చెయ్యి పట్టుకొని చెప్పిండు. ముప్ఫై ఎనిమిదేండ్లు ఆయన మాట నిలబెట్టిన.”

“చాచా, వేరే రకం పిస్టన్ తెప్పిస్త. అది సప్పుడు చెయ్యది.”

“గది ట్రాక్ మీద ఆగుతదా?”

“ఆగది,” అంది అఖిల. అబద్ధం చెప్పే ఓపిక ఇక లేదు.

రఫీక్ చేతులు కడుక్కున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా, చాలాసేపు కడుక్కున్నాడు. “బుధవారం పొద్దుగాల రా,” అని దుకాణంలోకి వెళ్ళిపోయాడు. ఏం చేస్తాడో చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆ నాలుగు రోజులూ బోధన్ బస్సులో పోయి వస్తూ, కిటికీలోంచి చెరుకు బండ్లు చూస్తూ, అఖిల ఒకటే ఆలోచించింది. తన మూడు రోజుల పరుగు కోసం ఒక మనిషి ముప్ఫై ఎనిమిదేళ్ళ పేరును అడిగింది.

బుధవారం చలిగా ఉంది. ఇంజన్ కారులో బిగించి ఉంది. మిస్త్రీలు చాయ్ గ్లాసులతో వచ్చారు, టర్బో కారు కదా అని మామూలు కంటే ఎక్కువమందే. సాయన్న స్క్రూడ్రైవర్‌తో ముందుకొచ్చాడు. రఫీక్ ఉతికిన చొక్కా వేసుకుని, బానెట్ మీద ఒక చెయ్యి వేసి నిలబడ్డాడు. అఖిల తాళం తిప్పింది.

స్క్రూడ్రైవర్ అక్కర్లేకపోయింది. టక టక టక టక అని రోడ్డు అవతలికి కూడా వినిపించింది. గ్లాసులు నోటి దాకా వెళ్ళి ఆగాయి. ఒకడు రెండోవాడి ముఖం చూశాడు. నవ్వినవాడు లేడు, అదే అఖిలకు ఎక్కువ బాధనిపించింది.

సాయన్న స్క్రూడ్రైవర్ దించి, గొంతు తగ్గించాడు. ముప్ఫై ఏళ్ళ పోటీలో అతను రఫీక్‌తో అంత మెత్తగా మాట్లాడటం ఎవరూ వినలేదు. “ఏం కాదు భాయ్. అప్పుడప్పుడు అయితది. నిషాన్ కొట్టకు. నేను గూడ వస్త, మధ్యాహ్నం విప్పుదాం.”

అంటూ అలవాటు కొద్దీ బ్లాక్ అంచు మీదికి వంగి చూశాడు. చూసినవాడు అలాగే వంగి ఉండిపోయాడు. గోరంత ‘రే’ అక్కడ ఉంది. గీతల్లో పెయింటు ఆరి కూడా ఉంది.

“ఇది ఎప్పుడు కొట్టినవు?”

“మొన్న,” అన్నాడు రఫీక్. “బోరు కోసుడు అయిపోంగనే.”

“స్టార్ట్ చెయ్యక ముందే?”

“ముందే.”

అఖిల కిటికీలోంచి ఆ మాట విన్నది. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. చప్పుడు వస్తుందని తెలిసి, ఈ వరసంతా నిలబడి వింటుందని తెలిసి, ఆయన ముందే తన పేరు దాని మీద కొట్టేశాడు. ఆమె ముందు ఎంతోమంది డ్రైవర్లు ట్రాక్ మీద ధైర్యం చూపించారు. వాళ్ళెవరిదీ ఇంత ధైర్యం కాదు.

రఫీక్ ఎవరికీ ఏమీ వివరించలేదు. వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. రెండు నిమిషాలు. మూడు. టకటక కొంచెం మెత్తబడింది. ఖైరున్నిసా గుమ్మంలోకి వచ్చి చెవి ఒగ్గింది. నాలుగో నిమిషానికి చప్పుడు మధ్యలో ఖాళీలు వచ్చాయి. అయిదు దాటాక, ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేనట్టుగా, పోయింది. ఇంజన్ తిరుగుతోందా లేదా అని ఒక మిస్త్రీ ఫ్యాన్ బెల్టు వైపు వంగి చూసుకున్నాడు.

సాయన్న స్క్రూడ్రైవర్ మొనను బ్లాక్‌కు ఆనించాడు. ఒకటో బోరు, రెండు, మూడు, నాలుగు. ఒక్కో దగ్గరా మామూలుకంటే ఎక్కువసేపు విన్నాడు. తర్వాత నిటారుగా నిలబడి, తల ఊపకుండా, రఫీక్‌ను ఒక ప్రశ్న అడిగాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగని ప్రశ్న అది.

“ఎంత పెట్టినవు భాయ్?”

“తొమ్మిది. ఎందుకో నా వంటింటి గోడ మీద రాసున్నది, వచ్చి సూడు.”

మిస్త్రీలంతా చాయ్ గ్లాసులతో సహా వంటింటి వైపు నడిచారు. ఖైరున్నిసా కొంగు సర్దుకుని, అందరూ చెప్పులు బయట వదలాలని హుకుం చేసింది. రఫీక్ మాత్రం కారు దగ్గరే ఆగి, కిటికీలోకి వంగాడు.

“దినాం పొద్దుగాల ఆరు నిమిషాలు ఆగి కదిలియ్యి. మీ గల్లీల అందరు వింటరు. ఎవడు కొట్టిండు గీ బోరు అని అడుగుతరు. నా పేరు చెప్పు.”

“సప్పుడు పోయినంక చెప్త చాచా.”

“వద్దు,” అన్నాడు రఫీక్. “సప్పుడున్నప్పుడే చెప్పు.”